పదిహేడో నంబరు పొడి, హైదర్ భాయ్ బగోనె

హైదర్ భాయ్ గ్లాసు సామాను కడిగాడంటే ఇక దాన్ని మళ్ళీ చూడాల్సిన పని లేదు. కడిగిన ఫ్లాస్కును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఎండకు ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి చూసేవాడు. లోపల నీళ్ళు పలచటి పొరలా జారిపోతే సరే. ఎక్కడైనా ఒక్క చుక్క ముత్యంలా నిలబడితే మళ్ళీ మొదటి నుంచి కడిగేవాడు. వనపర్తిలో మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అతను ఇరవై ఏళ్ళుగా అటెండరు. ఇరవై ఏళ్ళుగా తాత్కాలికమే. ఏటా జూన్‌లో ఒక కాగితం వస్తే ఉద్యోగం ఉన్నట్టు, రాకపోతే లేనట్టు.

అతనిది గద్వాల. కులవృత్తి కలాయి. రాగి, ఇత్తడి గిన్నెల లోపల తగరం పూత పెట్టడం. తండ్రి కొలిమి తిత్తి భుజాన వేసుకుని అయిజ, ధరూరు ఊళ్ళన్నీ తిరుగుతుంటే ఇతను వెనక బొగ్గుల సంచి మోసేవాడట. తర్వాత స్టీలు గిన్నెలు వచ్చాయి, కలాయి ఎవరికీ అక్కర్లేకపోయింది. "స్టీలు మా పొయ్యిల నీళ్ళు వోసింది మేడం" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గానీ ఆ మాట తర్వాత చేతిలోని ఫ్లాస్కును మళ్ళీ మొదటి నుంచి కడిగేవాడు. అతని భార్య రహీమాబీ ఇప్పటికీ స్టీలు గిన్నెలో పాలు కాచదు. కలాయి పెట్టిన గిన్నె కంటే శుభ్రమైనది ఈ లోకంలో లేదని వాళ్ళిద్దరి నమ్మకం.

ఇక నా సంగతి. అక్కడే కెమిస్ట్రీ చెప్పేదాన్ని. నాకు కోపం ఎక్కువ. మా ఇంట్లో, కాలేజీలో అందరికీ, నేను రోజూ ఎక్కే నాగర్‌కర్నూల్ బస్సులో కండక్టర్లకు కూడా ఈ సంగతి తెలుసు. నోరు ముందు పోతుంది, బుద్ధి వెనకాల వస్తుంది. 2006 జనవరిలో హైదర్ భాయ్ చేతిలో ఒక కండెన్సర్, ఆవిరిని చల్లార్చే గాజు గొట్టం, పగిలింది. హైదరాబాద్ నుంచి మూడు నెలలు తిరిగి తెప్పించుకున్నది. అప్పుడు ల్యాబులో నలభై మంది బీఎస్సీ పిల్లలున్నారు. "చేతులా అవి, కట్టెలా? ఇరవై ఏండ్ల సంది ఏం నేర్చుకున్నవయ్యా?" అని అరిచేశాను. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడిని పట్టుకుని! అతను కిందికి వంగి గాజు పెంకులన్నీ ఏరాడు. వేలి నుంచి రక్తం కారుతుంటే గుడ్డపేలిక చుట్టుకుని పోయాడు. నేను చూసి కూడా క్లాసు కొనసాగించాను. ఆ రోజు తర్వాత అడిగితేనే మాట్లాడేవాడు.

అప్పుడు నేను కాలేజీలో పాఠాలు చెప్తూనే పీహెచ్‌డీ చేస్తున్నాను. పని చెప్పడానికి తేలికే. క్యాన్సర్ కణం రెండుగా చీలాలంటే ముందు తన జన్యుపదార్థానికి సరుకు తయారు చేసుకోవాలి. ఆ సరుకు తయారుచేసే ప్రోటీన్ ఒకటుంది. చిన్న అణువును తయారుచేసి ఆ ప్రోటీన్‌కు అడ్డం పెడితే కణం చీలలేదు, చచ్చిపోతుంది. బోరు మోటారుకు ఫ్యూజు పీకినట్టు. అలాంటి అణువులను ఒక్కొక్కటిగా తయారుచేయాలి, నంబరు వేయాలి, హైదరాబాద్‌లో కణాల మీద పరీక్ష చేసేవాళ్ళకు పంపాలి. మొదటి పదహారూ వట్టివే. ఏ కణమూ వాటిని లెక్కచేయలేదు.

తయారుచేసే పద్ధతి మాత్రం వంట లాంటిదే. రెండు రసాయనాలు ఆల్కహాల్‌లో కలిపి, నాలుగు చుక్కల ఎసిటిక్ యాసిడ్ వేసి, నాలుగు గంటలు మరిగించాలి. తర్వాత పెద్ద బీకరులోకి వంచి ఐసులో పెడితే తెల్లారేసరికి పసుపు పచ్చటి స్ఫటికాలు కడతాయి. వడకట్టి ఆరబెట్టాలి. ఫ్రిజ్‌ను నమ్మేందుకు లేదు, కరెంటు ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియదు. అందుకని ఐసు. హైదర్ భాయ్ పొద్దున్నే ఐసు కార్ఖానాకు పోయి, తన రాగి బగోనెలో, అంటే వంట గిన్నెలో, గడ్డ పెట్టుకుని, పైన ఊక పోసి, గోనెపట్టా కప్పి సైకిల్ మీద తెచ్చేవాడు. బగోనెలోనే సుత్తితో పగలగొట్టేవాడు.

ఫిబ్రవరిలో పదిహేడో నంబరు చేశాను. దాని నుంచి ఇంకో ఐదు తయారు చేయాలి కాబట్టి ఎక్కువ మొత్తంలో చేశాను. మరగడం అయ్యేసరికి సాయంత్రం నాలుగు దాటింది. నాలుగున్నరకు నా బస్సు. "భాయ్, జర సల్లగయినంక పెద్ద బీకర్ల వోసి ఐసుల పెట్టు. పొద్దుగాల వడగట్టు" అని చెప్పి పరుగెత్తాను. పదహారు సార్లు చేసిన పనే కదా. మర్నాడు వచ్చేసరికి వడపోత కాగితం మీద పొడి సిద్ధంగా ఉంది. సీసాలో పోసి హైదరాబాద్‌కు పంపాను.

ఏప్రిల్‌లో ఫలితం వచ్చింది. వందలో తొంభై మూడు కణాలు చచ్చిపోయాయి! మా గైడు ప్రొఫెసర్ కురుమయ్య గారు యూనివర్సిటీ నుంచి ఫోన్ చేశారు. ఆయనది ఖిల్లా ఘణపూర్, గొర్లు కాసుకుంటూ చదువుకుని ప్రొఫెసర్ అయిన మనిషి. ఎన్నడూ మెచ్చుకోని ఆ మనిషి, "గట్టి పని జేసినవమ్మా" అన్నారు. నేను ల్యాబులోనే ఏడ్చేశాను. ఆ వారమే పరిశోధన పత్రం రాసి పత్రికకు పంపేశాం. హైదర్ భాయ్‌కు మిఠాయి ఇచ్చాను. తీసుకుని జేబులో పెట్టుకున్నాడు, తినలేదు. అది నాకప్పుడు ఏమీ అనిపించలేదు.

పత్రిక వాళ్ళు ఒకటే అడిగారు: మళ్ళీ తయారుచేసి, మళ్ళీ పరీక్ష చేసి చూపండి.

మళ్ళీ చేశాను. వందలో ఏడు కణాలు చచ్చాయి. తప్పెక్కడో జరిగి ఉంటుందనుకుని మూడోసారి చేశాను. ఐదు. కొత్త ఆల్కహాల్ తెప్పించి నాలుగోసారి చేశాను. ఆరు. మే నెల ఎండ, పంకా లేదు, కండెన్సర్‌లోకి నీళ్ళు ఎక్కించడానికి హైదర్ భాయ్ బకెట్లు మోస్తూనే ఉన్నాడు. నా నోరు ఎవరి మీద పడితే వాళ్ళ మీద పడుతోంది. అతను తల వంచుకుని పని చేసుకుంటూ పోతున్నాడు.

నాలుగో ఫలితం తర్వాత కురుమయ్య గారు ఫోన్ చేశారు. గొంతు చల్లగా ఉంది.

"సుమనా, ఒక్క మాట అడుగుత, సీదా చెప్పు. మొదటిసారి పంపింది మన పదిహేడేనా? బజార్ల దొరికే క్యాన్సర్ మందు ఏదన్న కలిపి పంపినవా?"

"లేదు సార్, అది మన పదిహేడే" అన్నాను. 

"నేను నమ్ముత, నమ్మకపోత, అది యేరే సంగతి. జూన్ ఇరవైకి కమిటీ కూసుంటది. అప్పటికి ఇది తేలకపోతే నీ రిజిస్ట్రేషన్ తీసేస్తరు. దొంగ లెక్కలని రాసి తీసేస్తరు. ఆ మాట నీ పేరు మీద పడ్డదంటే ఇగ పోదు. టెస్టింగోళ్ళు జూన్ ఐదు దాకనే పొడి తీస్కుంటమంటున్నరు. ఆఖరి మోఖా, మళ్ళ అవకాశం ఉండదు."

నేను దొంగనని రాస్తారు! మా నాగేశ్, అంటే మా ఆయన, "పోతే పోనీ, ఉద్యోగం ఉంది కద" అన్నాడు. ఆ రోజు ఇంట్లో అన్నం తినలేదు. పీహెచ్‌డీ పోతే పోనీ, దొంగ అన్న మాట ఎట్లా మోయడం? రేపు క్లాసులో నిలబడి పిల్లలకు ఏ మొహంతో ప్రయోగం చేయమని చెప్పను?

జూన్ మూడో తారీఖు పొద్దున ఐదోసారి చేసిన పొడి వడపోత కాగితం మీద ఆరుతోంది. రెండు రోజులే ఉన్నాయి. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. హైదర్ భాయ్ చీపురు పట్టుకుని వచ్చి, నా వెనకాల ఆగిపోయాడు. అడగకుండా మాట్లాడటం ఐదు నెలల్లో అదే మొదలు.

"మేడం... మొదటిది గిట్ల లేకుండె."

"ఎట్ల ఉండె?"

అతను బీరువా వైపు చూశాడు. నేను బీరువా తీసి మొదటి సీసా వెతికాను. అడుగున చిటికెడు పొడి మిగిలి ఉంది. తెల్లకాగితం మీద పోసి, పక్కన కొత్తది పోశాను. కొత్తది పసుపు. పాతది ఆకుపచ్చ కలిసిన పసుపు, ముదిరిన నిమ్మకాయ కాదు, ముదరని నిమ్మకాయ రంగు. గుడ్డివాళ్ళకు తప్ప అందరికీ కనబడే తేడా.

నా నోట్‌బుక్ తీసి ఫిబ్రవరి పేజీ చూశాను. రంగు: పసుపు. నా చేతిరాతే.  నాకు గుర్తొచ్చింది. పదహారో నంబరు పేజీ చూసి, పదిహేడో పేజీలో అన్ని గడులూ ముందే నింపేసుకున్నాను. పొడి చేతికి రాకముందే రంగు రాసేశాను. తర్వాత ఆకుపచ్చగా కనిపిస్తే, వెలుతురు తేడా అనుకుని సర్దిచెప్పుకున్నాను. బస్సు టైము, పరీక్ష పేపర్లు, తొందర.

"భాయ్, ఆ దినం ఏం జరిగింది?" అని అడిగాను. 

అతను చీపురు గోడకు ఆనించాడు. స్టోరు గదిలోకి పోయి, పై అర మీద అట్టపెట్టెల వెనకాల చేయి పెట్టి, గోనెపట్టాలో చుట్టిన మూట తెచ్చాడు. బల్ల మీద పెట్టి విప్పాడు. ఐసు తెచ్చే రాగి బగోనె. లోపల వెండిలా మెరవాల్సిన కలాయి, కుష్ఠు పట్టినట్టు మచ్చలు మచ్చలుగా లేచిపోయి, ఎర్రటి రాగి బయటపడి ఉంది.

"పెద్ద బీకరు పోసేటందుకు తీస్తుంటే జారింది మేడం. ఉన్నదే ఒక్కటి. పగిలింది. మందేమో ఫ్లాస్కుల ఉంది, మీరు బస్సెక్కిన్రు. ఏం జేయాలె? ఐసు దీసేసి బగోనె కడిగిన. డిస్టిల్డ్ వాటర్‌తోని మూడు సార్లు కడిగిన. ఎండకు పట్టి జూసిన. గంతకు ముందు నెలనే నా చేత్తోని కలాయి పెట్టుకున్న. పసిపిల్లలకు పాలు గాసే గిన్నె మేడం, అంతకన్న సాఫ్ ఏముంటది అనుకున్న. దాంట్ల వోసిన. సుత్తితోని ఐసు కొట్టి కొట్టి కలాయికి గీతలు పడ్డ సంగతి నేను జూడలే. పొద్దుగాల జూస్తే మందు కలాయి తినేసింది. బీకరు పోయిందని మీకు తెల్వకుండ నా పైసలతోని గసుంటిదే తెచ్చి పెట్టిన. గా దినం సంది ఈ బగోనెను ఇంటికి తీస్కపోలే. ఐసు గోనెసంచిలనే తెస్తున్న. రహీమాబీ అడిగితే పోయిందని చెప్పిన."

"నాలుగు నెలలు! నాలుగు నెలల సంది నేను సస్తుంటే జూసుకుంట నోరు మూసుకున్నవా? ఎందుకు చెప్పలేదయ్యా?" అరిచేశాను. వరండాలో పోతున్న వాళ్ళు ఆగి చూశారు.

అతను నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. అలసట ఉంది.

"గిట్ల అరుస్తరనే మేడం."

నేను స్టూలు మీద కూలబడ్డాను.  బయట ఎవరో గంట కొట్టారు. క్లాసుకు పోలేదు.

కాసేపటికి లేచి స్టవ్ వెలిగించాను. తీగ చివర మొదటి సీసా పొడి కొద్దిగా తీసుకుని, యాసిడ్ తడి చేసి, మంటలో పెట్టాను. మంట నీలం నుంచి ఆకుపచ్చగా మారింది. నేను నోరు తెరిచేలోపే హైదర్ భాయ్ అన్నాడు: "రాగి." కొలిమి ముందు పుట్టిపెరిగిన వాడికి పుస్తకం అక్కర్లేదు. కొత్త పొడిని మంటలో పెడితే పచ్చదనం లేదు. కొత్త పొడిలో రాగి లవణమైన మైలుతుత్తం నీళ్ళు రెండు చుక్కలు వేశాను. కళ్ళ ముందే ముదిరి పచ్చబడింది. తేలిపోయింది. మా అణువుకు రాగి అంటే ప్రాణం, గిన్నెలోంచి లాక్కుంది. ఆ కణాలను చంపింది నా పదిహేడో నంబరు కాదు, దాన్ని పట్టుకున్న రాగి.

రెండు పొడులనూ, తుత్తం కలిపినదాన్నీ ఆ రోజే హైదరాబాద్ బస్సుకు ఇచ్చి పంపాను. ఈసారి మామూలు కణాల మీద కూడా పరీక్ష చేయమని రాశాను. పదిహేనో తారీఖున ఫలితం వచ్చింది. రాగి ఉన్నది క్యాన్సర్ కణాలనూ చంపింది, ఆరోగ్యంగా ఉన్న కణాలనూ చంపింది. అది మందు కాదు, విషం. రాగి లేనిది దేన్నీ చంపలేదు.

కురుమయ్య గారికి ఫోన్‌లో అంతా చెప్పాను. 

"బగోనెలనా?"

"అవును సార్."

"హవ్వ! ఇగ విను. నువ్వు దొంగవు కావని తేలింది, అది చాలు. లెటర్ల గిట్ల రాయి. అటెండరు చెప్పకుండ రాగి గిన్నెల పోసిండు, తప్పు అతనిది, అతనికి మెమో ఇచ్చినం. కమిటీకి నేను జెప్పుకుంట. నీ పేరుకు మచ్చ ఉండదు."

మెమో అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. జూన్ నెల. ఏటా వచ్చే ఆ కాగితం ఈసారి రాదు. ఫోన్ పెట్టేసి చూస్తే హైదర్ భాయ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన గట్టి గొంతు ఫోన్ లోంచి గుమ్మం దాకా వినబడింది, అంతా విన్నాడు.

"రాయుండ్రి మేడం" అన్నాడు. "పగలగొట్టింది నేనే, పోసింది నేనే. మీరు చదువుకున్నోళ్ళు, మీ పేరు ఖరాబు కావద్దు. నేను గద్వాలకు పోత. నా పని నాకు రానే వస్తది."

గద్వాలలో ఇప్పుడు కలాయి ఎవరు పెట్టించుకుంటారు? ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

రెండు రోజులు తెల్లకాగితం ముందు కూర్చున్నాను. నిజం చెప్తున్నాను, సిగ్గు లేకుండా చెప్తున్నాను: మొదటి రోజు ఆయన చెప్పినట్టే రాశాను. చాలా శుభ్రంగా వచ్చింది ఉత్తరం. ఎక్కడా అబద్ధం లేదు. అటెండరు పోశాడు, అది నిజమే. చెప్పలేదు, అదీ నిజమే. సంతకం పెట్టబోతూ, తారీఖు సరిచూసుకోవడానికి నోట్‌బుక్ తెరిచాను. రంగు: పసుపు. అతను పొడిని తన కళ్ళతో చూసి, పచ్చగా ఉందని గుర్తుపెట్టుకున్నాడు. నేను చూడకుండానే రాశాను. మా ఇద్దరిలో ప్రయోగం చేసింది ఎవరు?

ఆ ఉత్తరం చింపేశాను. ఇరవయ్యో తారీఖు కమిటీ ముందు వేరే ఉత్తరం చదివాను. రసాయనం వేడిగా ఉండగానే వదిలి బస్సెక్కింది నేను. పొడి చేతికి రాకముందే రంగు రాసింది నేను. మామూలు కణాల మీద పరీక్ష అడగకుండా పత్రం పంపింది నేను. ల్యాబులో గాజు పగిలితే చెప్పడానికి మనిషి భయపడేలా చేసింది నేను. లోపాన్ని కనిపెట్టింది మా అటెండరు హైదర్.  బగోనె మాట వచ్చినప్పుడు ఒకాయన పకపకా నవ్వాడు. కురుమయ్య గారు నవ్వలేదు, నా వైపు చూడనూ లేదు.

రిజిస్ట్రేషన్ తీసేయలేదు. కానీ పత్రం వెనక్కి తీసుకున్నాం, అప్పటిదాకా చేసిన పని లెక్కలోకి రాదన్నారు. మూడేళ్ళ పని పోయింది. మళ్ళీ ఒకటో నంబరు నుంచి మొదలు. కురుమయ్య గారు నాలుగు నెలలు ఫోన్ ఎత్తలేదు. మా ఇంట్లో అందరూ నాకు పిచ్చి పట్టిందన్నారు.

హైదర్ భాయ్ కాగితం మాత్రం జూన్ ఆఖరున వచ్చింది.

జూలైలో కాలేజీ తెరిచిన మొదటి ప్రాక్టికల్ రోజు. కొత్త పిల్లలు, ల్యాబు నిండా గోల. నేను బోర్డు మీద రాస్తున్నాను. లోపలి గదిలో భళ్ళుమని గాజు పగిలిన చప్పుడు. పిల్లలందరూ ఒక్కసారి అటు తిరిగారు. నా నోరు తెరుచుకోనే తెరుచుకుంది, పాత అలవాటు. ఇంతలో లోపలి నుంచి హైదర్ భాయ్ గొంతు వినబడింది, ల్యాబంతా వినబడేలా, గట్టిగా:

"మేడం! పగిలింది. పెద్ద ఫ్లాస్కు. నేనే పగలగొట్టిన!"

చాక్‌పీసు పడేసి లోపలికి పరుగెత్తాను. పెంకుల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు, నా మొహం వైపే చూస్తున్నాడు.

"చెయ్యి తెగిందా భాయ్?" అని అడిగాను.

అతను రెండు చేతులూ తిప్పి చూపించాడు. తెగలేదు. అయినా ఆ చేతులు వెంటనే దించలేదు, అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ ల్యాబులో ఇరవై ఏళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదని తర్వాత రహీమాబీ చెప్పింది.